ఏ పనిముట్టు ఎక్కడుందో చేతికి తెలియాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల డ్రిల్ బిట్ల గురించి రాస్తూ చివర్లో ఒక మాట అడిగాను, "మీ పనిముట్లు దేంట్లో పెట్టుకుంటున్నారు?" అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. బెంగళూరు నలుమూలల నుంచి రాశారు. కొందరు పెట్టె మూత తెరిచి ఫోటోలు కూడా పంపారు. అందుకే ఈ నెల వేరే విషయాలు పక్కన పెట్టి దీనికే జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకి నా గురించి ఒక్క ముక్క. 1987 నుంచి 29 ఏళ్ళు పీణ్యలో ఒక మెషిన్ షాపులో టూల్ స్టోర్ చూసుకున్నాను. పొద్దున కిటికీలోంచి పనిముట్టు ఇవ్వడం, సాయంత్రం తిరిగి లెక్కపెట్టి తీసుకోవడం, ఇదే నా ఉద్యోగం.

ప్రశ్న: అమ్మా, మాది కదిరి. కె.ఆర్.పురంలో ఆరేళ్ళుగా ఇళ్ళకు ఎలక్ట్రికల్ పనులు చేస్తున్నాను. ఐదు అరల ఇనప పెట్టె స్కూటర్ మీద పెట్టుకుని తిరుగుతాను. పెట్టె నిండా సామానే, కానీ కావాల్సింది టైముకి దొరకదు. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు ఎక్కేసరికి నడుం పట్టేస్తోంది. సంచి కొందామనుకుంటున్నాను. ఎలాంటిది కొనమంటారు?

జవాబు: సంచి సంగతి తర్వాత, ముందు ఆ పెట్టెను తూకం వేయించు నాయనా అని ఫోన్లో చెప్పాను. వీధి చివర పాత ఇనుము కొనే కొట్లో వేయించి సాయంత్రానికి ఫోటో పంపాడు. 17 కిలోల 400 గ్రాములు. మనింటి గ్యాస్ బండలో పట్టే గ్యాసే 14.2 కిలోలు. అంతకంటే ఎక్కువ బరువును ఒంటిచేత్తో పట్టుకుని రోజుకు ఐదారు ఇళ్ళ మెట్లు ఎక్కుతున్నాడు. నడుం పట్టక ఏం చేస్తుంది?

ఆ బరువులో నిజంగా పనికొచ్చేది ఎంతో తేల్చడానికి నేను చెప్పిన పద్ధతి ఇది. పెట్టెలో ఉన్నవన్నీ పాత దుప్పటి మీద పరిచి, ప్రతి పనిముట్టు పిడికీ చిన్న ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాలి. మళ్ళీ పెట్టెలో సర్దేసి ఎప్పటిలాగే పనికి పోవాలి. వాడిన పనిముట్టుకి మాత్రం టేపు పీకేయాలి. రెండు వారాలయ్యాక చూసుకుంటే మొత్తం 58 వస్తువుల్లో టేపు ఊడినవి 21. మిగతా 37 రెండు వారాల పాటు ఊరికే మెట్లెక్కి దిగాయి. అందులో ఒక పెద్ద పైపు రెంచి కూడా ఉంది. ఎవరో ఒకసారి కొళాయి బిగించమంటే కొన్నాడట, అప్పట్నుంచీ మోస్తున్నాడు.

అలాగని ఆ 37 పారేయమని కాదు. అవి ఇంట్లో ఇనప పెట్టెలో ఉండాలి. ఇనప పెట్టె మంచిదే. తాళం వేసుకోవచ్చు, ఒక సైటులో నెలరోజులు పని ఉంటే అక్కడే పెట్టేయవచ్చు. కానీ ఖాళీదే నాలుగైదు కిలోలు తూగే పెట్టె, ఇంటింటికీ తిరిగే పనికి తగదు. స్కూటర్ మీద అదిరి అదిరి లోపల పనిముట్లు ఒకదానికొకటి రాసుకుంటాయి కూడా. ఆకురాయి మీద ఇంకో ఆకురాయి పడితే రెండింటి పళ్ళూ పోతాయి. డ్రిల్ బిట్ల కొసలూ అంతే.

వెంట తిప్పే 21 పనిముట్లకు సంచి చాలు. అడుగు గట్టిగా ఉండి నేల మీద తనంతట తాను నిలబడాలి. నోరు వెడల్పుగా తెరుచుకోవాలి. లోపలి గోడల వెంట జేబులుండాలి, భుజానికి వెడల్పాటి పట్టీ ఉండాలి. ఎస్.జె.పి. రోడ్డులో పనిముట్ల కొట్లు వరసగా ఉన్నాయి, అక్కడ చూడొచ్చు. వెళ్ళేటప్పుడు నీ పనిముట్లు వెంట తీసుకెళ్ళి, కొట్లోనే సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకుని పది అడుగులు నడిచి చూడు. ఖాళీ సంచులన్నీ భుజానికి బాగానే ఉంటాయి.

సర్దడం దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్క్రూడ్రైవర్లన్నీ ఒకచోట, ప్లేయర్లన్నీ ఒకచోట అని జాతుల వారీగా పెడతారు. కొట్లో అమ్మేవాడికి ఆ పద్ధతి సరిపోతుంది. పని చేసేవాడికి పని వరస ముఖ్యం. స్విచ్ బోర్డు విప్పడానికి వెళ్ళావు, ముందు ఏం తీస్తావు? టెస్టరు. తర్వాత స్క్రూడ్రైవర్, ఆపైన వైరు తొడుగు ఒలిచే స్ట్రిప్పర్, కటింగ్ ప్లేయర్, చివర్లో టేపు. నీది కుడిచేతి వాటమైతే ఇవన్నీ కుడివైపు గోడకి అదే వరసలో, పిడి పైకి, మొన కిందికి నిలబడాలి. అప్పుడు కళ్ళు బోర్డు మీదే ఉండి చెయ్యి సంచిలోకి పోతుంది. సుత్తి లాంటి బరువైనవి అడుగున, నీ ఒంటికి ఆనుకునే వైపు పెట్టు. కరెంటు కొలిచే మల్టీమీటరు మాత్రం మెత్తటి జేబులో, సుత్తికి దూరంగా ఉండాలి.

గోడకి బెజ్జం వేసే సామాను, అంటే డ్రిల్ మిషను, 6 మిల్లీమీటర్ల, 8 మిల్లీమీటర్ల బిట్లు, ప్లగ్గులు, స్క్రూలు, ఇవన్నీ వేరే చిన్న జిప్ సంచిలో వేసి దానికో రంగు పెట్టుకో. ఫ్యాన్లకీ గీజర్లకీ సంబంధించినవి ఇంకో సంచిలో, ఇంకో రంగు. ఇవి స్కూటర్లోనే ఉంటాయి. బయల్దేరే ముందు ఇంటివాళ్ళని బోర్డు ఫోటో వాట్సాప్‌లో పెట్టమని అడిగితే, ఏ రంగు సంచి పైకి మోయాలో కిందే తెలిసిపోతుంది.

ఇంకొక్క విషయం. ప్లేయర్ పిడికి ఉన్న ప్లాస్టిక్ తొడుగు చూసి షాక్ కొట్టదని ధైర్యపడకు. మామూలు తొడుగు పట్టు కోసమే. కరెంటు పనికి పరీక్ష చేసి ఇచ్చిన పనిముట్టు మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె ముద్ర వేసి ఉంటాయి. అలాంటివి హ్యాక్సా బ్లేడుతో కలిపి ఒకే జేబులో పెట్టకూడదు. బ్లేడు పన్ను గీరి తొడుగు తెగిందంటే ఇక దాన్ని కరెంటు దగ్గర వాడొద్దు. బ్లేడు పళ్ళకి వైర్లు కప్పే పాత ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ ముక్క తొడిగేస్తే నీ వేళ్ళు కూడా భద్రం.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. సంచి మూసే ముందు లెక్క. మా షాపు స్టోర్లో గోడకి పసుపు రంగు బోర్డు ఉండేది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉండేది. పనిముట్టు బయటికి పోతే ఎర్ర గీతల నడుమ ఖాళీ కనిపించేది. లేత్ మిషన్లో పని ముక్కని పట్టుకుని గిర్రున తిరిగే భాగం చక్, దాన్ని బిగించే తాళంచెవి లాంటిది చక్ కీ. ట్రైనింగ్ కుర్రాళ్ళకి ఆ చక్ కీ కూడా స్టోర్ నుంచే ఇచ్చేవాళ్ళం, మధ్యాహ్నం గంట కొట్టేలోపు తిరిగి తెచ్చివ్వాలి. 1994లో ఒకరోజు గంట కొట్టాక బోర్డు మీద ఒక కొక్కెం ఖాళీగా కనిపించింది. చూశాను. భోజనం అయ్యాక అడుగుదాంలే అనుకుని క్యారియర్ విప్పాను. అరగంట తర్వాత మిషన్ మొదలైంది. చక్ కీ చక్‌లోనే ఉంది. అది విసురుగా ఎగిరి కిటికీ అద్దం పగలగొట్టుకుని అవతల పడింది. ఆ కిటికీ ముందు రోజూ ఒకాయన నిలబడి టీ తాగేవారు, ఆ పూట సెలవులో ఉన్నారు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బోర్డు మీద ఖాళీ ఉండగా నేను భోజనానికి లేవలేదు.

విమానాల మరమ్మతు చేసే చోట్ల ఈ లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. ఒక్క పనిముట్టు లెక్కకు రాకపోయినా, అది దొరికే దాకా విమానాన్ని వదలరు. నీ పని కూడా తక్కువదేం కాదు నాయనా. ఇంటి కరెంటంతా గదులకి పంచే డి.బి. బాక్సులో ఒక చిన్న స్క్రూడ్రైవర్ మరిచిపోయి మూత బిగించావనుకో, అది జారి లోపల కరెంటు పారే లోహపు పట్టీ, అదే బస్‌బార్ మీద పడితే ఆ ఇంట్లో ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. జేబుకొక పనిముట్టు ఉంటే ఖాళీ జేబు తనే చెబుతుంది. ఒకే జేబులో నాలుగు కుక్కితే మూడే ఉన్నాయని తెలియదు. మూత బిగించే ముందు ఒకసారి, గడప దాటే ముందు ఒకసారి ఇరవై ఒకటీ లెక్కపెట్టు.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ముగ్గురం కలిసి ఏసీ పనులు చేస్తాం. ముగ్గురి దగ్గరా ఒకే రకం స్పానర్లు, ప్లేయర్లు. ఎవరివి ఎవరి సంచిలోకి పోతున్నాయో తెలియక వారం వారం మాటా మాటా పెరుగుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ముగ్గురూ మూడు రంగులు పంచుకోండి. స్పానర్ మెడ దగ్గర నెయిల్ పాలిష్‌తో పట్టీలా వేసి ఆరనివ్వండి. నూనె చేతులకి కొన్నాళ్ళకి పోతుంది, మళ్ళీ వేసుకోవాలి. అలా కాకుండా నిలిచిపోవాలంటే ఎన్‌గ్రేవర్‌తో పేరులో మొదటి అక్షరం చెక్కించండి. స్పానర్ నోటి దగ్గర చెక్కించొద్దు, నడుమ భాగాన చాలు.

స్పానర్లను డబ్బాలో గుత్తగా వేయకండి. మన దగ్గర దొరికే ఎనిమిది డబుల్ ఎండ్ స్పానర్ల సెట్లో 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22 సైజులుంటాయి. వాటికి గుడ్డ చుట్ట కుట్టించండి. యశ్వంతపురంలో మా టైలరు పాత జీన్స్ ప్యాంటు కాలు రెండు పొరలుగా మడిచి ఎనిమిది గదులు కుట్టిచ్చాడు. చిన్నది ఎడమ చివర, పెద్దది కుడి చివర. పైన ఒక మడత వదిలితే అది పిడుల మీదికి వచ్చి, చుట్టినప్పుడు ఏదీ జారిపోదు. పరిస్తే ఎనిమిది కనబడాలి, కనబడకపోతే అప్పుడే అక్కడే అడగొచ్చు. వారం తర్వాత అడిగితేనే తగాదా.

పక్కవాడికి ఇచ్చిన దానికి కూడా మా స్టోర్ పద్ధతి ఉంది. పనివాళ్ళకి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుండేవి. పనిముట్టు తీసుకుంటే బిళ్ళ ఆ కొక్కేనికి తగిలేది. తిరిగిస్తే బిళ్ళ వెనక్కి. మీరు ముగ్గురే కాబట్టి తలా నాలుగు రంగు కీచైన్లు చాలు. 12-13 తీసుకున్నవాడు ఆ గదిలో తన కీచైన్ పెట్టాలి. నోటితో "ఇచ్చేశాను కదా" అనే మాటకి చోటుండదు.

ప్రశ్న: మేడమ్, మారతహళ్ళిలో అపార్ట్‌మెంటులో ఉంటాం. ఆయన నెలకి ఇరవై రోజులు టూర్లే. మొన్న రాత్రి వంటింట్లో కొళాయి ఊడిపోతే ఇల్లంతా నీళ్ళు, స్పానర్ ఎక్కడుందో తెలియక ఏడుపొచ్చేసింది. ఇంట్లో ఉండాల్సిన పనిముట్లు ఏవి, ఎక్కడ పెట్టాలి? ఇద్దరు మగపిల్లలు, ఆరేళ్ళు, తొమ్మిదేళ్ళు.

జవాబు: అమ్మా, ఆ రాత్రి మీకు స్పానర్ కంటే ముందు కావాల్సింది నీళ్ళ వాల్వు ఎక్కడుందో తెలియడం. అపార్ట్‌మెంట్లలో చాలావరకు బాత్రూం పైన గానీ, యుటిలిటీలో గానీ, పైపులు దిగే డక్టులో గానీ ఉంటుంది. ఈ ఆదివారం మీ ఇంటి ప్లంబరునో మెయింటెనెన్స్ అబ్బాయినో పిలిచి అన్ని వాల్వులూ చూపించమనండి. వాడక చాలా వాల్వులు బిగుసుకుపోయి ఉంటాయి, ఒకసారి తిప్పి చూడమనండి. తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వంటింటి వాల్వు ఎక్కడ, బాత్రూం వాల్వు ఎక్కడ, మెయిన్ స్విచ్ ఎక్కడ, ప్లంబరు నంబరు, సెక్యూరిటీ నంబరు రాసి, పెట్టె మూత లోపలి వైపు అంటించండి. మూత తెరవగానే ముందు ఆ కాగితమే కనబడాలి.

పెట్టె చిన్న ప్లాస్టిక్‌ది చాలు. 8 అంగుళాల కటింగ్ ప్లేయర్, 10 అంగుళాల అడ్జస్టబుల్ స్పానర్, ఒక ప్లస్ స్క్రూడ్రైవర్, ఒక మైనస్, మేకులు పీకే కొమ్మున్న సుత్తి, 5 మీటర్ల కొలత టేపు, టెస్టరు, ఎల్ ఆకారపు అలెన్ కీల సెట్టు, టార్చి, తెల్ల టెఫ్లాన్ టేపు, నల్ల ఇన్సులేషన్ టేపు. ఈ అలెన్ కీలని తేలిగ్గా తీసుకోకండి. విడదీసి మోసుకొచ్చే మంచాలు, టేబుళ్ళు, పిల్లల సైకిళ్ళ బోల్టులు ఇప్పుడన్నీ వాటితోనే. ప్లస్ స్క్రూడ్రైవర్లలో పి.హెచ్. 2 అని రాసి ఉన్నది ఇంట్లో ఎక్కువ స్క్రూలకి సరిపోతుంది. స్క్రూ తల గుంటలో వదులుగా ఆడే స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పితే గుంట అరిగిపోయి స్క్రూ ఇక రాదు.

పెట్టెను సింకు కింద పెట్టకండి, అక్కడ ఎప్పుడూ తేమే. అటక మీద కూడా పెట్టకండి, నీళ్ళు పోతుంటే స్టూలు వేసుకుని ఎక్కేదెప్పుడు? చెప్పుల స్టాండు పక్కనో, హాల్లో అల్మరా కింది అరలోనో ఉంచండి. కత్తి, బ్లేడు, సూదులు ఆ పెట్టెలో వద్దు, అవి పిల్లలకందని పై అరలో వేరే డబ్బాలో. మిగతావి పిల్లలు ముట్టుకుంటే ముట్టుకోనివ్వండి. తొమ్మిదేళ్ళవాడికి సైకిల్ సీటు ఎత్తడం నేర్పండి, అయ్యాక ఏది ఎక్కడిదో అక్కడ పెట్టించండి. అట్ట ముక్క మీద పనిముట్లు పెట్టి స్కెచ్ పెన్‌తో చుట్టూ గీత గీయమంటే పిల్లలు సరదాగా గీస్తారు. ఆ అట్ట పెట్టె అడుగున వేస్తే మా స్టోర్ బోర్డు మీ ఇంటికి వచ్చినట్టే.

టెస్టరు గురించి ఒక జాగ్రత్త. దాన్ని నమ్మే ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. వెలగని టెస్టరుతో "కరెంటు లేదు" అనుకోవడం చాలా ప్రమాదం. ఎలాగూ డి.బి. బాక్సులో ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్, అంటే ఎం.సి.బి., దించాకే చెయ్యి పెట్టాలి.

ప్రశ్న: బెల్లందూరులో బేస్‌మెంట్ స్టోర్లో పెట్టిన టూల్ బ్యాగ్ వాననీళ్ళలో తడిసింది. రెండు రోజుల తర్వాత చూస్తే అన్నిటికీ తుప్పు. పారేయాలా?

జవాబు: పారేయకండి. అది పైపైన పట్టిన తుప్పు. ముందు మంచినీళ్ళతో బురద కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టండి. తర్వాత కిరోసిన్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ రాసి వైర్ బ్రష్షుతో తోమండి. శుభ్రంగా తుడిచాక కుట్టు మిషన్ నూనె పల్చగా రాయండి. ప్లేయర్ల కీలు దగ్గర ఒక్కో చుక్క వేసి పదిసార్లు తెరిచి మూయండి. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు, కొన్నాళ్ళకి బంకలా మారి దుమ్ము పట్టేస్తుంది. కరెంటుతో నడిచేవి మాత్రం స్విచ్ వేసి చూడొద్దు, విప్పి ఆరబెట్టేవాళ్ళకి ఇవ్వండి. మల్టీమీటరు తడిసి ఉంటే దాని మీద ఆశ వదులుకోండి. అది తప్పు చూపిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

సంచి గుడ్డ లోపలి పొర ఆరడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది. తిరగేసి రెండు మూడు ఎండలు పడనివ్వండి. కొత్త చెప్పులు, బ్యాగులతో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా సంచిలో వేసుకోండి, పిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. ఇక మీదట బేస్‌మెంట్లో పెట్టాల్సి వస్తే నేల మీద కాదు, నడుం ఎత్తులో.

ప్రశ్న: విశాఖపట్నంలో చెల్లెలి ఇంటికి విమానంలో వెళ్తూ పనిముట్లు, కార్డ్‌లెస్ డ్రిల్ తీసుకెళ్ళొచ్చా?

జవాబు: పనిముట్లు చెక్-ఇన్ సామానులో వేయండి, మొనలకి గుడ్డ చుట్టండి. డ్రిల్ నుంచి విప్పిన విడి లిథియం బ్యాటరీలు మాత్రం చెక్-ఇన్‌లో వేయకూడదు, వెంట క్యాబిన్ బ్యాగులో పెట్టుకోవాలి. వాటి టెర్మినళ్ళ మీద టేపు అంటించండి. బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే వాట్-అవర్ అంకె దాని మీద లేకపోతే వోల్టులనీ ఆంపియర్-అవర్‌నీ గుణించండి. 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ అయితే 90. అది 100 దాటితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. దాటకపోయినా ఎన్ని బ్యాటరీలు తీసుకెళ్ళనిస్తారో టికెట్ తీసుకున్నప్పుడే చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న వడ్రంగి. పోయిన ఏడాది పోయారు. ఆయన టేకు పెట్టె నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఉలులు, చిత్రిక, రంపం, సుత్తి అన్నీ ఉన్నాయి. చెల్లెలు వాటిని మెరిపించి, పెట్టెకి వార్నిష్ వేయించి హాల్లో పెడదామంటోంది. నాకు వడ్రంగం రాదు, నేర్చుకోవాలని ఉంది. పెట్టెలో పై అరలో ఒక గాడి ఖాళీగా ఉంది, అందులో ఏముండేదో తెలియడం లేదు. ఫోటో పంపుతున్నాను.

జవాబు: బాబూ, మీ ఫోటో చాలాసేపు చూశాను. ఉలుల పిడులన్నీ ఎడమవైపుకి ఉన్నాయి. వెంటనే మీకు ఫోన్ చేసి, నాన్నగారిది ఎడమచేతి వాటమా అని అడిగాను. అవునన్నారు, కాసేపు మాట్లాడలేకపోయారు. పెట్టె సర్దిన తీరులో ఆయన చెయ్యి ఉంది. అందుకే ముందు చెప్పేది, ఏదీ కదపకముందు మూత తెరిచి పైనుంచి ఒక ఫోటో, పై అర ఎత్తాక ఇంకో ఫోటో తీసి పెట్టుకోండి. అర అంగుళం ఉలి చేతికి దగ్గరగా, అంగుళం ఉలి దూరంగా ఉంది. అంటే ఆయన ఎక్కువగా వాడింది అర అంగుళందే. దాని పిడి మీద అరచేయి తగిలి నల్లగా నునుపెక్కిన చోటు చూడండి. ఎమరీ పేపరు పెట్టి రుద్దితే అది పోతుంది, మళ్ళీ రాదు. చెల్లెలికి నా మాటగా చెప్పండి, వార్నిష్ వద్దు, మెరిపించడం వద్దు.

చేయాల్సినవి వేరే ఉన్నాయి. పెట్టె అడుగున రంపపు పొట్టు ఉంటుంది, అది తేమ పట్టి ఇనుముని తింటుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో దులిపేయండి. ఉలుల ఇనుముకి మిషన్ నూనె పల్చగా రాసి, ఒక్కో మొనకీ పాత తోలు బెల్టు ముక్క మడిచి తొడగండి. ఒక ఉలి మొన ఇంకో దానికి తగలకూడదు. చిత్రికను ఎప్పుడూ పక్కకి పడుకోబెట్టండి, లేదా బ్లేడు కొంచెం లోపలికి లాగి పెట్టండి. బ్లేడు మొన పెట్టె చెక్కకి ఆనకూడదు. పిడులు ఎండిపోయి ఉంటే అవిసె నూనె గుడ్డతో రుద్దండి. ఆ గుడ్డను మాత్రం ముద్ద చేసి మూల పడేయకండి. అవిసె నూనె గుడ్డ ముద్దగా ఉంటే దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట దండెం మీద ఆరేయండి. పెట్టె కింద రెండు చెక్కపట్టీలు వేసి నేలకి ఎత్తుగా ఉంచండి, చెదలు పట్టినా తొందరగా కనబడుతుంది.

నేర్చుకోవాలని ఉందన్నారు, చాలా సంతోషం. మీది కుడిచేతి వాటమైతే కొన్నాళ్ళకి పెట్టె మీ చేతికి అడ్డం వస్తుంది, అప్పుడు తిప్పి సర్దుకుందామనిపిస్తుంది. ఆయన పెట్టె అలాగే ఉంచి, మీరు వాడే నాలుగు పనిముట్లకి వేరే గుడ్డ చుట్ట కుట్టించుకోండి. పని అయ్యాక మళ్ళీ ఆయన వరసలో పెట్టేయండి.

ఇక ఆ ఖాళీ గాడి. ఫోటోలో దాని పొడవు ఉలుల కంటే తక్కువ, సన్నగా ఉండి నడిమధ్య మాత్రం నలుచదరంగా వెడల్పైంది. అలా తొలిచేది ఎక్కువగా మార్కింగ్ గేజ్ కోసం. సన్నటి కొయ్య కర్ర, దాని మీద జరిగే చెక్క దిమ్మ, కొసన చిన్న మేకు. చెక్క అంచుకి ఆనించి లాగితే సమానంగా గీత పడుతుంది. వడ్రంగులు దాన్ని చాలావరకు తామే చేసుకునేవారు, ఆయన కూడా తనకి తగ్గట్టు చేసుకునే ఉంటారు. ప్రొద్దుటూరు ఇంట్లో కిటికీ పైన, తలుపు వెనక, బియ్యం డబ్బా పక్కన ఒకసారి వెతకమని అమ్మగారికి చెప్పండి. ఆయనతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళనీ అడగండి, ఆఖరి పనిలో ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు. దొరికేదాకా ఆ గాడిలో ఇంకేమీ పెట్టకండి.